తాళం వేసిన ముఖం

భీమిలి నుంచి విజయనగరం వెళ్ళే బస్సు తగరపువలసలో ఆగేసరికి సాయంత్రం నాలుగున్నర దాటింది. కండక్టరు నూకరత్నం వెనక తలుపు దగ్గర నిలబడి, ఏడేళ్ళ చాందిని చెయ్యి పట్టుకుని కిందికి చూసింది. చాందినికి చెవులు వినపడవు, మాటలు రావు. భీమిలిలో అలాంటి పిల్లల కోసం ఉన్న బడికి రోజూ ఈ బస్సులోనే వెళ్ళి వస్తుంది. పొద్దున్న నాయనమ్మ ఎక్కిస్తుంది, సాయంత్రం ఆవిడే వచ్చి దింపుకుంటుంది. దారిలో పాప బాధ్యత రత్నానిది. ఎవరూ అప్పగించలేదు, తనే తీసుకుంది.

కింద ఒకామె రెండు చేతులూ చాచింది. రత్నానికి ఆమె ముక్కు కనిపించింది. కళ్ళు కనిపించాయి. నుదుటి బొట్టూ, చెవుల దుద్దులూ స్పష్టంగానే ఉన్నాయి. కానీ అవన్నీ కలిసి ఒక మనిషి ముఖం కాలేదు. ఆ పని చెయ్యాల్సింది రత్నం చెవి వెనక, చర్మం కింద అమర్చిన సన్నని పట్టీ. తెలిసిన ముఖాన్ని రెప్పపాటులో అమర్చి పెడుతుంది. కొత్తదైతే నాలుగు సెకన్లు తీసుకుంటుంది. ఇవాళ నాలుగు దాటాయి, ఎనిమిది దాటాయి, ముఖం రాలేదు.

వెనక లారీ హారన్ మోగిస్తోంది. "రైటా రత్నమ్మా?" అని డ్రైవరు కేక వేశాడు. చేతులు చాచింది కదా, నాయనమ్మే అనుకుంది రత్నం. పాపని అందించి, "రైట్ రైట్" అంది.

రెండు కిలోమీటర్లు వెళ్ళాక ఫోను వచ్చింది. నాయనమ్మ స్టాపులో నిలబడి, పాప ఏదని అడుగుతోంది.

బస్సు వెనక్కి తిప్పమని ముందు అన్నది ప్రయాణికులే. యాభై మంది దిగి తలో దిక్కూ వెతికారు. గంట తర్వాత గోస్తని వంతెన మీద దొరికింది చాందిని. రెయిలింగు కింది కడ్డీ మీద కాళ్ళు పెట్టి, ఒంటిని ముందుకు వంచి, నీళ్ళలో దిగిన గేదెల్ని చూస్తోంది. వెనక నుంచి లారీలు జానెడు దూరంలో పోతున్నాయి. వాటి హారన్లు ఆ పిల్లకు వినపడవు.

చేతులు చాచినామె ఎవరో దారినపోయే మనిషి. పసిపిల్ల కదా అని సాయంపట్టి దింపి, తన దారిన తాను వెళ్ళిపోయింది.

"దొరికింది కదమ్మా, ఏటీ అవలేదు. నువ్వు బెంగెట్టుకోకు," అంది నాయనమ్మ పాపని గుండెకి హత్తుకుంటూ. రత్నం ఏడవలేదు.  మర్నాడు సెలవు పెట్టి, పొద్దున్నే విశాఖపట్నంలో ఆ పట్టీ అమర్చిన పరిశోధనశాలకి వెళ్ళింది.

*

నాలుగేళ్ళ కిందట మెదడువాపు జ్వరం వచ్చి తగ్గాక, రత్నానికి ప్రపంచంలో ముఖాలు లేకుండా పోయాయి. చూపు బాగానే ఉంది. టిక్కెట్టు మీద అంకెలు చదివేది, అర కిలోమీటరు దూరంలోని బస్సు బోర్డు చదివేది. మనిషి వైపు చూస్తే మాత్రం ముక్కూ, మూతీ, కళ్ళూ వేటికవే విడిపోయేవి. పక్కన పడుకున్న భర్తని గొంతు విని గుర్తుపట్టేది.

డాక్టర్ కౌముది తయారుచేసిన పట్టీ ఆమెకు ఆ ముఖాలను తిరిగి ఇచ్చింది. కళ్ళజోడు అంచున ఉన్న చిన్న కెమెరా మనిషిని చూస్తుంది. పట్టీ ఆ బొమ్మని పరిశోధనశాల సర్వరుకి పంపి, అమర్చిన ముఖాన్ని తెప్పించి, మెదడులో ముఖాలు గుర్తుపట్టే చోటికి అందిస్తుంది. నిజానికి పట్టీలో నడిచేది ఒక చిన్న బ్రౌజరు. ఒకసారి తెరిచిన పేజీ బొమ్మల్ని కంప్యూటరు తన దగ్గర తాత్కాలికంగా దాచుకున్నట్టే, ఇదీ ఒకసారి తెచ్చిన ముఖాన్ని దాచుకుంటుంది. మళ్ళీ అదే మనిషి ఎదురైతే సర్వరు దాకా పోదు, దాచిన నకలునే చూపిస్తుంది. చోటు చాలదు కాబట్టి ప్రతి సోమవారం ఆ తాత్కాలిక ఫైళ్ళని తానే ఊడ్చేసుకుంటుంది.

ఊడవలేనివి కొన్ని ఉన్నాయి. ఒక ముఖాన్ని చూసినప్పుడు పట్టీ పెట్టుకున్న మనిషి గుండె గట్టిగా కొట్టుకుంటే, అది ఆ ఫైలుకి తాళం వేసేస్తుంది. ఆ నియమం పెట్టింది కౌముదే. మొదటి రోజుల్లో ఒక సోమవారం ఊడ్పులో ఒకాయన సొంత కూతురి నకలు పోయింది. మర్నాడు పొద్దున్న పక్కలో పరాయి పిల్ల ఉందని ఆయన కేకలు పెడితే, ఆ చిన్నపిల్ల మూలకి పోయి బిక్కచచ్చి కూర్చుంది. ఆ సంగతి తెలిశాక కౌముది రెండు రోజులు అన్నం తినలేదు. మూడో రోజు ఆ నియమం రాసింది.

రత్నం చెప్పిందంతా విని కౌముది తలదించుకుంది. ఆమెతో పనిచేసే ఇంజినీరు ప్రభుదాసు, రత్నం చెవి వెనక చిన్న బిళ్ళ అంటించి, తెర వైపు చూశాడు.

"నూటికి తొంభై ఏడు పాళ్ళు నిండిపోయింది మేడమ్. అందులో తొంభై పైన తాళం పడినవే. కొత్త ముఖం తెచ్చుకున్నా పెట్టుకోడానికి చోటు లేదు. అందుకే రావడం లేదు."

"తుడిచీయండి మరి," అంది రత్నం.

ప్రభుదాసు ఒక మీట నొక్కి చూపించాడు. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి: ఈ ఫైళ్ళకు రక్షణ ఉంది, చెరపడం కుదరదు.

"కుదరనివ్వనిది నేనే," అంది కౌముది. "నా దగ్గర తాళంచెవి ఉంది. కానీ ఆ ఫైళ్ళలో ముఖం ఒక్కటే లేదు రత్నం గారూ. ఆ మనిషిని చూడగానే మీకు కలిగే దగ్గరితనం కూడా దాంతో అల్లుకుని ఉంది. చెరిపేస్తే ముఖాన్ని సర్వరు మళ్ళీ ఇస్తుంది. దగ్గరితనాన్ని ఇవ్వలేదు. అది తిరిగి వస్తుందో రాదో నేను చెప్పలేను."

"పెద్ద పట్టీ ఎయ్యలేరా?"

"వెయ్యచ్చు. మళ్ళీ తల తెరవాలి. ఒకసారి జ్వరం తిన్న మెదడు మీద రెండోసారి కత్తి పెట్టడం నాకిష్టం లేదు."

రత్నం కుర్చీ తెర దగ్గరికి లాక్కుంది. "ఎవరెవరున్నారో చదవండి బాబూ."

పరిశోధనశాల వాళ్ళకి బొమ్మలు కనిపించవు. రత్నం పెట్టుకున్న పేర్లూ, ఒక్కో ఫైలు ఎంత చోటు తింటోందన్నదీ మాత్రమే కనిపిస్తాయి. ప్రభుదాసు చదవసాగాడు. చాందిని. డ్రైవరు పెంటయ్య. మజ్జిగ ఆదెమ్మ. కర్ర తాతయ్య. నర్సింగు చదివే అక్కచెల్లెళ్ళు. సంగివలసలో ఎక్కే కడుపుతో ఉన్న అమ్మాయి.

"ఆ పిల్లకి మొన్న కొడుకు పుట్టాడు," అని రత్నం నవ్వింది. రెండు వందల పధ్నాలుగు పేర్లు. సగానికి పైగా బస్సు వాళ్ళే. అంతమందిని చూసి తన గుండె కొట్టుకుందా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"వీళ్ళందరూ కలిసినా సగం చోటే," అన్నాడు ప్రభుదాసు. "మిగతా సగం ఒక్క ఫైలు తినేస్తోంది. సింహాచలం."

"మా ఆయన."

కౌముది వంగి చూసింది. మూడేళ్ళ కిందట పట్టీ పెట్టిన మొదటి గంటలోనే తాళం పడిన ఫైలు అది. తాళం ఉంది కాబట్టి మారదు. కెమెరా మాత్రం రోజూ ఆ ముఖంలో ఏదో తేడా చూస్తోంది. తేడాని ఫైల్లో రాయడానికి వీల్లేక పక్కన దిద్దుబాటుగా పెడుతోంది, దానికీ తాళం వేస్తోంది. అలాంటి దిద్దుబాట్లు వేలకొద్దీ పేరుకున్నాయి.

"వయసు పెరుగుతుంది కదా, ఆ తేడాలై ఉంటాయి," అంది కౌముది. "అంటే రత్నం గారూ, మీరు ఇప్పటికీ మీవారి మూడేళ్ళ కిందటి ముఖమే చూస్తున్నారు. ఆ ఒక్క ఫైలు తీసేస్తే సగం చోటు ఖాళీ అవుతుంది. ఇంకెవర్నీ కదపక్కర్లేదు."

రత్నం లేచి నిలబడింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "ఇంటికెళ్ళి మావతో చెప్పి వస్తాను."

*

సింహాచలం భీమిలిలో చేపల పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. చేతికి ఎంత సబ్బు రుద్దినా డీజిలు వాసన పోదు. రత్నం చెప్పింది విని, చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు.

"వద్దు."

"ఏటి వద్దు? చాందిని గుంట వంతెన మీద నిలబడిపోనాది మావా. జారితే?"

"బస్సులో వాళ్ళని తియ్యమను. రెండొందల మంది ఉన్నారంటన్నావు కదా."

"వాళ్ళందర్నీ తీసీసినా సగమే. నిన్నొక్కణ్ణి తీస్తే సరిపోద్ది. నీ గొంతు నాకు తెలుసు, నీ నడక తెలుసు. ముఖం మళ్ళీ వస్తాది."

"రాకపోతే?"

"వస్తాది."

"నన్ను మాత్రం ఇలగే ఒగ్గీ రత్నం. ఉద్యోగం మానీ, ఇంట్లో ఉండు. నన్ను తియ్యొద్దు."  ఇరవై రెండేళ్ళ కాపురంలో అతను ఆమెని ఉద్యోగం మానమనడం అదే మొదటిసారి. పట్టీ రాక ముందు, ముఖాలు తెలియని రోజుల్లో కూడా, మళ్ళీ బస్సెక్కమని ధైర్యం చెప్పింది అతనే. రత్నానికి ఏదో తేడాగా తోచింది. ఎంత అడిగినా అతను చెప్పలేదు. భుజం మీది తువ్వాలు ముఖానికి చుట్టుకుని పడవల దగ్గరికి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆమె డ్యూటీకి వెళ్ళాక అతను విశాఖ బస్సెక్కాడు. పరిశోధనశాలలో కౌముది గది తలుపు దగ్గర నిలబడి తువ్వాలు తీశాడు.

కౌముది అతన్ని చూసి మూడేళ్ళవుతోంది. ఎడమ చెంప పెదవి మూల నుంచి చెవి దాకా ఎర్రగా, ముడతలు పడి, ఒకవైపుకి లాగేసి ఉంది. కంటి కింది రెప్ప కాస్త కిందికి దిగింది. ఆ దిద్దుబాట్లన్నీ దేని గురించో ఆమెకు ఒక్కసారిగా అర్థమైంది.

"రెండేళ్ళయిందమ్మా. ఇంజను వేడిగా ఉండగా మూత తీసినాను, ఆవిరి కొట్టీసింది," అన్నాడు సింహాచలం. "ఆసుపత్రిలో నెల రోజులు తనే చేసింది నాకు. కట్టు ఇప్పిన రోజు ఎదురుగా కూకుంది. నా ముఖం చూసి ఏటన్నాదో తెలుసా? 'మచ్చయినా లేదు మావా, దేవుడున్నాడు' అన్నాది. ఎంత సంబరపడిపోనాదో. ఆ సంబరం చూసి నాను నోరిప్పలేకపోనాను."

"మరి ఊళ్ళో వాళ్ళెవరూ ఆమెతో అనలేదా?"

"కట్టుకున్న మనిషికి చెప్పీదేటి అనుకుంటారు. తను చెయ్యేసి 'గరుకుగా ఉన్నాదే' అంటే, తగ్గిపోద్దిలే అనీవాణ్ణి. చేతి కంటే కన్నునే నమ్మింది." అతను తువ్వాలు నలుపుతూ ఉండిపోయాడు. "నన్ను చూస్తే పడవలోళ్ళు ముఖం తిప్పుకుంటారు. పిల్లలు దూరం జరుగుతారు. ఇంటికెళ్తే తనొక్కర్తే నన్ను ముందరి లాగ చూస్తాది. ఆ చూపొక్కటీ ఉండనీయండమ్మా. కాదనకండి."

 మనుషుల్ని పోగొట్టుకోకూడదని కౌముది వేసిన తాళం, రెండేళ్ళుగా ఒక భర్తని భార్యకి కనపడకుండా చేసింది. ఆ భర్తకి అందులోనే హాయిగా ఉంది.

"సింహాచలం గారూ, అది ఆమె తల. అందులో ఏముందో ఆమెకి తెలియాలి," అంది కౌముది. "నేను చెప్పను, మీరే చెప్పండి. మీరు చెప్పేదాకా ఆ ఫైలు మీద చెయ్యి వెయ్యను. కానీ ఆ పాప రేపు కూడా అదే బస్సెక్కుతుంది. అది కూడా ఆలోచించండి."

అతను ఆ మధ్యాహ్నమే భీమిలి బస్టాండుకి వెళ్ళాడు. ఆమె బస్సు బయల్దేరడానికి ఇరవై నిమిషాలుంది. ఖాళీ బస్సులో ఆమె పక్కన కూర్చుని, ఆమె చెయ్యి తీసుకుని ఎడమ చెంప మీద పెట్టుకుని, అంతా చెప్పేశాడు.

రత్నం వేళ్ళు ఆ ముడతల మీద మెల్లగా కదిలాయి. కంటికి మాత్రం నున్నని చెంపే కనిపిస్తోంది.

"రెండేళ్ళు," అంది. "అందరికీ తెలుసు. నాకు తెల్దు."

"నువ్వు బాధపడతావని..."

"'నాను బాధపడతానని' అను, ఒప్పుకుంటాను." చెయ్యి వెనక్కి తీసుకుంది. "నాకు కోపం ఉన్నాది మావా. అది తర్వాత చూసుకుందాం. రేపు పొద్దున్న నువ్వూ రా నాతోటి."

*

కిటికీ పక్కన, వెలుతురు బాగా పడేచోట, ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. సింహాచలం తువ్వాలు ఇంట్లోనే వదిలేసి వచ్చాడు. కౌముది తన తాళంచెవిగా ఉన్న సంకేతపదాన్ని టైపు చేసింది. ఎర్ర అక్షరాలు పోయి, నిజంగా చెరపమంటారా అన్న ప్రశ్న వచ్చింది.

"మీరే నొక్కండి," అంది కౌముది రత్నంతో.

రత్నం భర్త ముఖాన్ని ఒకసారి నిండుగా చూసుకుంది. మీట నొక్కింది.

ముఖం విడిపోయింది. ముక్కు ముక్కుగా, కళ్ళు కళ్ళుగా మిగిలాయి. చెంప మీద అంతకు ముందు లేని ఎర్రటి చర్మం తేలింది. తొంభై ఏడు నుంచి యాభై రెండుకి వచ్చిందని ప్రభుదాసు వెనక నుంచి మెల్లగా అన్నాడు. నాలుగు సెకన్లకి ముక్కలు దగ్గరకొచ్చి కలిశాయి.

ఎదురుగా ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. సగం కాలిన చెంప, జారిన కన్ను, మీసంలో తెలుపు. ఆమె ఎదురుచూసింది. లోపల ఏమీ కదల్లేదు.

"ఎవరో లాగున్నాడు డాక్టరమ్మా," అంది. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు.

సింహాచలం నోరు తెరవబోయాడు. "మాట్లాడకు మావా," అంది రత్నం. "గొంతు వింటే గుర్తొచ్చీస్తావు. చూడనీ."

పది నిమిషాలు చూసింది. ఆ ముఖం పరాయి ముఖంగానే ఉండిపోయింది. తిరిగి వెళ్ళేటప్పుడు బస్సులో సింహాచలం కిటికీ వైపు తిరిగి కూర్చుంటే, ఆమె అతని మోచేతిని గట్టిగా పట్టుకుంది.

ఆ తర్వాతి రోజులు కష్టంగానే గడిచాయి. పొద్దున్న లేచేసరికి పక్కన కొత్త మనిషి. కళ్ళు మూసుకుంటే భర్త, తెరిస్తే ఎవరో.  అతను మళ్ళీ తువ్వాలు చుట్టుకోబోతే ఆమె లాగి దండెం మీద పడేసింది.

"కప్పీసుకుంటే నానెలగ నేర్చుకుంటాను?"

మధ్యలో దాచుకున్న కోపం కూడా బయటికొచ్చింది. ఒక ఆదివారం, చేప తోముతూ, రెండేళ్ళ లెక్కా అడిగింది. ఏ పెళ్ళికి వెళ్తే ఎవరెవరు చూశారు, ఏమన్నారు, ఇంటికొచ్చి తనతో ఏమని చెప్పాడు, ఒక్కొక్కటీ చెప్పించుకుంది. కొన్నిటికి తిట్టింది. ఒకదానికి చేప అక్కడే వదిలేసి లోపలికి పోయి ఏడ్చింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని వచ్చి, ఆ చెంపని చేత్తో తడుముతూ కంటితో చూసింది. ఇప్పుడు చెయ్యి చెప్పేదీ కన్ను చెప్పేదీ ఒక్కటే.

బస్సులో మాత్రం పట్టీ చురుగ్గా ఉంది. చాందిని నాయనమ్మ ముఖం స్టాపు ఇంకా దూరంగా ఉండగానే రత్నానికి కనిపించింది. రోజూ తన చేత్తోనే పాపని ఆవిడ చేతుల్లో పెట్టి, ఆవిడ కొంగు కొస పాప చేతికి ఇచ్చాక గానీ రైట్ అనేది కాదు.

*

పన్నెండో రోజు భీమిలి బస్టాండులో జనం విరగబడ్డారు. శుభలగ్నాల రోజులు. రత్నం ముందు తలుపు దగ్గర నిలబడి ఎక్కేవాళ్ళని లోపలికి జరుపుతోంది. అత్తర్లూ, మల్లెపూలూ, పెట్టెలూ. ఎవరి ముఖం ఎవరిదో పట్టీ గబగబా అందిస్తోంది. కొత్తవాళ్ళు కాస్త ఆలస్యంగా వస్తున్నారు.

జనం వెనకాల ఒక చెంప కనిపించింది. ఎర్రటి చర్మం, దిగిన కనురెప్ప. ముందు నిలబడ్డ ఒకావిడ అది చూసి పక్కకి జరిగింది. రత్నం గుండె దడదడలాడింది. ఆ జరిగిన ఆవిడ మీద ఒళ్ళు మండింది. ఆ తర్వాత గానీ, ఆ మనిషి ఎవరో ఎవరూ చెప్పకుండానే తనకి తెలిసిందని గ్రహించలేదు. అతను ఇంకా నోరు విప్పలేదు. చేతిలో ఏముందో కూడా జనంలో కనపడలేదు.

"ఏటి మావా, కేరేజీ మర్చిపోనానా?" అని అక్కణ్ణించే కేకేసింది.

సింహాచలం నిలబడిపోయాడు. చేతిలోని అన్నం కేరేజీ పైకెత్తి చూపించాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే నవ్వాడు. నవ్వితే ఎడమ వైపు పెదవి మరీ పక్కకి పోతుంది. రెండేళ్ళుగా అతను జనంలో నవ్వలేదు.

"తప్పుకోండమ్మా, మా ఆయన్ని రానీయండి," అంది రత్నం.

ఆ వారం ఇద్దరూ పరిశోధనశాలకి వెళ్ళారు. ప్రభుదాసు తెర చూసి ఉత్సాహంగా తిరిగాడు. "సింహాచలం గారి ఫైలుకి మళ్ళీ తాళం పడింది. మంగళవారం మధ్యాహ్నం ఒంటి గంటా పదికి. గుండె ఎంత వేగంగా కొట్టుకుందో చూడండి!"

కౌముది ఊపిరి పీల్చుకుంది. దగ్గరితనం తిరిగి వస్తుందా రాదా అన్న ప్రశ్నకి ఆమెకి దొరికిన మొదటి జవాబు అది. వస్తుంది. దానంతట అది రాదు, మనిషి తెచ్చుకోవాలి.

"ఇంక భద్రంగా ఉంటుంది రత్నం గారూ."

"తీసీయండి," అంది రత్నం.

"ఏమిటి?"

"తాళం. ఆయన ఫైలుకి తాళమొద్దు. మీరు తాళమేస్తే మంగళారం దగ్గరే ఆగిపోతాడు. మనిషి ఆగడు కదమ్మా. రేపు పళ్ళూడతాయి, జుట్టు రాలతాది. నాను చూడాలి కదా."

"తాళం లేకపోతే ప్రతి సోమవారం ఊడ్పులో పోతాడు. మళ్ళీ ముక్కలుగా కనిపిస్తాడు. మళ్ళీ మొదట్నుంచీ గుర్తుపట్టాలి. ఒక్కోసారి నాలుగు సెకన్లు కాదు, రోజంతా పరాయివాడిలా ఉండచ్చు."

"ఉండనీయండి. పోయినసారి పన్నెండు రోజులు పట్టింది. ఈసారి తగ్గుద్ది."

 కౌముది కుర్చీ తెర ముందుకి జరుపుకుని, మూడేళ్ళ కిందట తను రాసిన నియమాన్ని తెరిచింది. పట్టీ తనంతట తాను ఎవరికీ తాళం వెయ్యకూడదు, పెట్టుకున్న మనిషిని అడిగి వెయ్యాలి, అడిగినప్పుడు తియ్యాలి అని మార్చి రాసింది. పట్టీ ఉన్న పంతొమ్మిది మందికీ అదే వర్తిస్తుందని కింద చేర్చింది. పంతొమ్మిది మందిలో ఆనాడు పక్కలో కూతుర్ని చూసి కేకలు పెట్టిన తండ్రి కూడా ఉన్నాడు. ఆ పిల్ల ఇప్పుడు తండ్రి కళ్ళకి ఎన్నేళ్ళదిగా కనిపిస్తోందోనన్న ఆలోచన వచ్చి, ఫోను తీసి ఆయన నంబరు వెతికింది.

మెట్లు దిగుతూ సింహాచలం ఆగాడు. "సోమారం సోమారం నన్ను కొత్తగా చూసుకుంటావా? విసుగెత్తదా రత్నం?"

"ఎందుకెత్తుద్ది? పెళ్ళిచూపుల్లో మావోళ్ళు నిన్ను నాలుగు సెకన్లయినా సరిగ్గా చూడనివ్వలేదు," అంది రత్నం. వీధిలోకి రాగానే అతన్ని తన కుడి వైపు నుంచి ఎడమ వైపుకి లాక్కుంది. ఇక్కడి నుంచైతే కాలిన చెంప కాదు, బాగున్న చెంపే కనిపిస్తుంది. అది గమనించి, కాలిన చెంప కనపడేలా మళ్ళీ కుడి వైపుకే మార్చుకుని, బస్టాపు దాకా అలాగే నడిచింది.